ఇంట్లో క్రీమీ కార్న్ తయారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

మొక్కజొన్న గింజలను వెన్నలో మగ్గించి, పాలు, క్రీమ్ చేర్చి గరిటె జారుగా చిక్కబరిచిన సైడ్ డిష్ క్రీమీ కార్న్. కావలసిన పదార్థాలు తక్కువ, పట్టే సమయం అరగంటకు మించదు. అయినా ఒకరి చేతిలో నీళ్లగా, ఇంకొకరి చేతిలో జిగురుగా, మరొకరి చేతిలో విరిగిన పాలలా తయారవుతుంటుంది. దీనిని చేసేవారికి సాధారణంగా ఎదురయ్యే సందేహాలకు సమాధానాలు ఇక్కడ ఉన్నాయి.

ఈ వంటకానికి చిక్కదనం ఎక్కడి నుంచి వస్తుంది? క్రీమ్ నుంచేనా?

చాలామంది క్రీమ్ నుంచే అనుకుంటారు, అందుకే క్రీమ్ ఎక్కువగా పోస్తారు. నిజానికి మంచి క్రీమీ కార్న్‌కు చిక్కదనం మొదట మొక్కజొన్న నుంచే రావాలి. లేత గింజను గోటితో నొక్కితే చిమ్మే తెల్లని పాలలో చక్కెరతో పాటు పిండిపదార్థం ఉంటుంది. ఆ పిండిపదార్థపు రేణువులు సుమారు 62 నుంచి 72 డిగ్రీల సెల్సియస్ మధ్య నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, అప్పుడే చుట్టూ ఉన్న ద్రవం చిక్కబడుతుంది. దీనికి తోడు, తీపి మొక్కజొన్నలోని సంప్రదాయ రకాల్లో ఫైటోగ్లైకోజెన్ అనే నీటిలో కరిగే పిండిపదార్థం కూడా ఉంటుంది. గింజ నోటిలో వెన్నలా జారడానికి అదే కారణం.

క్రీమ్ చేసే పని వేరు. అందులోని కొవ్వు రుచికి నిండుదనాన్ని, నాలుకకు నునుపును ఇస్తుంది, వేడికి పాలు విరగకుండా కొంత కాపాడుతుంది. కేవలం క్రీమ్‌నే నమ్ముకుంటే గింజలు ఒక వైపు, తెల్లని ద్రవం ఒక వైపు విడివిడిగా ఉండి, నాలుగు చెంచాలు తినేసరికి మొహం మొత్తుతుంది. కాబట్టి కింది సమాధానాలన్నింటిలోనూ గింజలోని పాలను రాబట్టడానికే మొదటి ప్రాధాన్యం ఇచ్చాము.

ఏ రకం మొక్కజొన్న వాడాలి?

స్వీట్ కార్న్ అని అమ్మే తీపి మొక్కజొన్ననే వాడాలి. పిండికి, దాణాకు పండించే మామూలు మొక్కజొన్న లేతగా ఉన్నప్పుడు కూడా తీపి తక్కువగా, పిండితనం ఎక్కువగా ఉంటుంది. ముదిరితే ఎంత ఉడికించినా గింజ పంటి కింద గట్టిగానే తగులుతుంది.

తీపి మొక్కజొన్నలోనూ భేదాలున్నాయి. సంప్రదాయ రకాల్లో తీపి మితంగా ఉన్నా గింజలోని పాలు చిక్కగా ఉంటాయి. సూపర్‌స్వీట్ అని పిలిచే రకాల్లో చక్కెర చాలా ఎక్కువ, కోసిన తరువాత ఆ తీపి ఎక్కువ రోజులు నిలుస్తుంది కూడా. కానీ వాటిలో ఫైటోగ్లైకోజెన్ తక్కువ కాబట్టి గింజ కరకరలాడుతుంది, పాలు పలుచగా వస్తాయి. ఇప్పుడు మార్కెట్లో దొరికే కంకుల్లో ఈ రకాలు చాలా ఉంటాయి. గింజలు గీరినప్పుడు తెల్లని పాలకు బదులు నీళ్లలాంటి రసం వస్తే కొన్ని గింజలను మిక్సీలో రుబ్బి కలపడమో, అర చెంచా కార్న్‌ఫ్లోర్ చేర్చడమో అవసరమవుతుంది. పసుపు గింజలకు, తెల్ల గింజలకు మధ్య ఈ వంటకం వరకు తేడా రంగులోనే తప్ప తయారీలో లేదు.

కంకి లేతగా ఉందో, ముదిరిందో ఎలా గుర్తించాలి?

పై ఆకులు పచ్చగా, తడిగా, కంకికి బిగుతుగా అంటుకుని ఉండాలి. కొసన ఉన్న పీచు గోధుమ రంగులోకి తిరిగినా పూర్తిగా ఎండిపోయి రాలిపోయే స్థితిలో ఉండకూడదు. కాడ కోసిన చోట నల్లబడి ఎండిపోయి ఉంటే అది కోసి చాలా రోజులైందని అర్థం. ఆకులు ఒలవకుండానే కంకిని పై నుంచి కింది దాకా వేళ్లతో తడిమితే గింజలు నిండుగా ఉన్నాయో, మధ్యలో ఖాళీలు ఉన్నాయో తెలిసిపోతుంది.

అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష గోటితో చేసేది. ఇంటికి తెచ్చిన కంకిలో నడిమి గింజను గోటితో గుచ్చండి. నీటిలా తేటగా రసం వస్తే ఇంకా పాలు పోసుకోలేదన్నమాట. పాలలా తెల్లగా చిమ్మితే సరైన అదను. ముద్దగా వచ్చినా, అసలు ఏమీ రాకపోయినా గింజ ముదిరినట్టే. పీచు బయటపడిన సుమారు మూడు వారాలకు కంకి ఈ పాలదశకు వస్తుంది, ఆ దశ కొద్ది రోజులే ఉంటుంది.

కంకులు కొన్న రోజే వండాలా?

వీలైతే అదే మంచిది. కంకిని చెట్టు నుంచి విరిచిన క్షణం నుంచి గింజలోని చక్కెర పిండిపదార్థంగా మారడం మొదలవుతుంది, వేడి పెరిగే కొద్దీ ఆ మార్పు వేగమవుతుంది. వెంటనే వండడం కుదరకపోతే ఆకులు ఒలవకుండా, కడగకుండా, సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి ఒకటి రెండు రోజుల్లో వాడుకోవాలి. వంట గది గట్టు మీద ఒక పగలంతా ఉంచిన కంకి కన్నా, సరిగా గడ్డకట్టించిన ప్యాకెట్ గింజలే ఈ వంటకానికి మెరుగు.

గింజలు ఎలా తీయాలి? గీరడం అంటే ఏమిటి?

ఈ ఒక్క పని శ్రద్ధగా చేస్తే సగం వంట అయినట్టే. ఆకులు, పీచు తీసేసి, మిగిలిన పీచు పోగులను తడి గుడ్డతో కొస నుంచి మొదలుకు తుడవాలి. వెడల్పాటి పళ్లెంలో కంకిని నిలువుగా నిలబెట్టి, పదునైన కత్తితో పై నుంచి కిందికి కోయాలి. ఇక్కడే సాధారణంగా పొరపాటు జరుగుతుంది. గింజను మొదలంటా కోస్తే బెండుకు అంటుకుని ఉండే గట్టి పొరలు కూడా వచ్చి, తినేటప్పుడు పళ్ల సందుల్లో ఇరుక్కుంటాయి. గింజ ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గరే కత్తి నడవాలి. అప్పుడు బెండు మీద తెరుచుకున్న చిన్న చిన్న గదుల వరుసలు కనిపిస్తాయి, వాటి అడుగున పాలు, మొలక భాగం మిగిలి ఉంటాయి.

ఇప్పుడు కత్తిని తిరగేసి, దాని వీపుతో బెండును పై నుంచి కిందికి గట్టిగా గీరాలి. కత్తి వీపు వెంట చిక్కని తెల్లని గుజ్జు పోగవుతుంది, పళ్లెంలోకి చుక్కలు చుక్కలుగా జారుతుంది. బెండును కొంచెం కొంచెం తిప్పుతూ అన్ని వైపులా గీరితే ఒక్కో కంకికి రెండు మూడు చెంచాల గుజ్జు రావచ్చు. కంకి ముదురుదనాన్ని బట్టి ఇది మారుతుంది. ఈ గుజ్జును గింజలతో కలపకుండా వేరే గిన్నెలో ఉంచుకోవాలి, ఎందుకంటే దానిని చివరిలో చేర్చాలి. గీరేటప్పుడు గుజ్జు నలువైపులా చిందుతుంది కాబట్టి లోతైన పళ్లెం తీసుకోవడం, ఏప్రన్ కట్టుకోవడం మంచిది.

మధ్యస్థ పరిమాణపు కంకి నుంచి సుమారు ముప్పావు కప్పు గింజలు వస్తాయి.

తయారీ విధానం ఏమిటి?

నలుగురైదుగురికి సరిపడేలా చేయడానికి ఆరు కంకులు, 30 గ్రాముల వెన్న, సన్నగా తరిగిన ఒక చిన్న ఉల్లిపాయ, అర కప్పు వెన్న తీయని పాలు, అర కప్పు క్రీమ్, ముప్పావు టీ చెంచా ఉప్పు, కొద్దిగా మిరియాల పొడి కావాలి. ఇక్కడ కప్పు అంటే 240 మిల్లీలీటర్లు.

అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న గిన్నెను మధ్యస్థ సెగ మీద పెట్టి వెన్న కరిగించాలి. నురగ అణగగానే ఉల్లిపాయ వేసి, రంగు మారనివ్వకుండా, అద్దంలా మెత్తబడే వరకు నాలుగైదు నిమిషాలు మగ్గించాలి. తరువాత గింజలు, ఉప్పులో సగం వేసి ఐదు నిమిషాలు కలుపుతూ వేయించాలి. ఈ దశలో గింజల్లోని పచ్చివాసన పోయి, వెన్నతో కలిసిన తియ్యని వాసన వస్తుంది, గింజల రంగు కూడా కొంచెం ముదురుతుంది. ఆ వాసన రాకముందే పాలు పోస్తే వంటకం చప్పగా, ఉడకబెట్టిన గింజల రుచితో మిగిలిపోతుంది.

పాలు పోసి, సెగ తగ్గించి, అంచుల వెంట చిన్న బుడగలు వచ్చేలా ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉడకనివ్వాలి. గింజ మెత్తబడిందని తేలాక, విడిగా ఉంచిన గుజ్జును పోసి ఆపకుండా కలపాలి. రెండు మూడు నిమిషాల్లోనే గిన్నెలోని ద్రవం గరిటెకు పట్టేంత చిక్కబడుతుంది. గుజ్జు మొదటే వేస్తే అది అడుగుకు చేరి అంటుకుపోతుంది కనుకనే దాన్ని ఇంతసేపు ఆపాము. ఆపైన క్రీమ్ పోసి, మరో రెండు నిమిషాలు వేడి చేసి, మిగిలిన ఉప్పు రుచి చూసి వేసి, మిరియాల పొడి చల్లి దించాలి.

గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే ఒక్క క్షణం అడుగు కనిపించి, తరువాత నెమ్మదిగా మూసుకుపోవాలి. అదే సరైన పాకం. ఇంకా చిక్కబడాలని పొయ్యి మీదే ఉంచవద్దు. వేడి తగ్గే కొద్దీ పిండిపదార్థం దానంతటదే బిగుసుకుంటుంది కాబట్టి, వడ్డించేటప్పుడు కావలసినదాని కన్నా కొంచెం పలుచగా ఉన్నప్పుడే దించాలి.

గింజలు తీసిన బెండ్లను పారేయాల్సిందేనా?

అవసరం లేదు. గింజలు కోసి, గీరిన బెండ్లను రెండు ముక్కలుగా విరిచి, వంటకు తీసుకున్న పాలలో వేసి, అంచుల్లో బుడగలు వచ్చేదాకా వేడి చేసి, మూత పెట్టి ఇరవై నిమిషాలు వదిలేస్తే వాటి సారం పాలలోకి దిగుతుంది. ఆ పాలను వడకట్టి వాడితే వంటకంలో మొక్కజొన్న రుచి బాగా పెరుగుతుంది. సమయం ఉన్నవారు తప్పక చేయదగిన పని ఇది.

గడ్డకట్టించిన గింజలతో చేయవచ్చా?

చేయవచ్చు, బాగానే వస్తుంది. ఆ గింజలను కోతకు వచ్చిన వెంటనే వేడి నీటిలో కొద్దిసేపు ముంచి తీసి గడ్డకట్టిస్తారు కాబట్టి తీపి నిలిచి ఉంటుంది. లోటు ఒక్కటే, వాటితో పాటు గీరిన గుజ్జు రాదు. అందుకని 500 గ్రాముల గింజలు తీసుకుంటే అందులో మూడో వంతును పాలతో కలిపి మిక్సీలో మెత్తగా రుబ్బి, గుజ్జుకు బదులుగా అదే క్రమంలో చివరన చేర్చాలి. మిగిలిన గింజలను కరిగించకుండానే వెన్నలో వేయవచ్చు. అయితే వాటి నుంచి వచ్చే నీరంతా ఆవిరయ్యే దాకా, సెగ కొంచెం పెంచి, వేయించిన తరువాతనే పాలు పోయాలి.

గడ్డకట్టించిన గింజలు ఉడికినట్టే ఉంటాయని నేరుగా తినేవారున్నారు. అది మంచిది కాదు. 2015 నుంచి 2018 వరకు కొన్ని ఐరోపా దేశాల్లో లిస్టీరియా బాక్టీరియా వల్ల ప్రబలిన ఒక జబ్బుకు గడ్డకట్టించిన మొక్కజొన్నే మూలమని తేలింది. ఆ ముందస్తు వేడి నీటి స్నానం వంట కాదు, గింజలను పొగలు వచ్చేలా పూర్తిగా ఉడికించాలి.

టిన్నులో వచ్చే మొక్కజొన్న సంగతి ఏమిటి?

రెండు రకాలు వస్తాయి. విడి గింజల టిన్నైతే నీరు వంపేసి, ఒకసారి కడిగి, ఉప్పు తగ్గించి వాడాలి. గింజలు ముందే ఉడికినవి కాబట్టి పాలలో మూడు నాలుగు నిమిషాలు చాలు. క్రీమ్ స్టైల్ అని రాసి ఉండే రెండో రకంలో పేరుకు క్రీమ్ ఉన్నా సాధారణంగా పాల పదార్థాలు ఉండవు. నలిపిన గింజలు, నీరు, పిండిపదార్థం, చక్కెర, ఉప్పు కలిపి చేసినది అది. దానిని గుజ్జుకు బదులుగా వాడుకోవచ్చు కానీ, మొత్తం వంటకాన్ని దానితోనే చేస్తే జిగురుగా, అతి తీపిగా ఉంటుంది. పాలు పడనివారు కొనే ముందు పదార్థాల జాబితా చదవడం మరవకూడదు.

మైదా వేయాలా, కార్న్‌ఫ్లోర్ వేయాలా, రెండూ అక్కరలేదా?

తాజా కంకులు, పాలు చిమ్మే గింజలు దొరికితే రెండూ అక్కరలేదు. సూపర్‌స్వీట్ రకాలకు, గడ్డకట్టించిన గింజలకు, టిన్ను గింజలకు కొంత ఆసరా కావాలి.

మైదా వేస్తే ఉల్లిపాయ మగ్గిన వెన్నలోనే ఒక టేబుల్ చెంచా చల్లి, రెండు నిమిషాలు వేయించి, పచ్చివాసన పోయాక గోరువెచ్చని పాలను కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. పాలు ఒకేసారి కుమ్మరిస్తే ఉండలు కడతాయి. మైదాతో వచ్చే చిక్కదనం నిలకడగా ఉంటుంది, మళ్లీ వేడి చేసినా అంతగా చెడదు. కార్న్‌ఫ్లోర్ శక్తి మైదాకు సుమారు రెట్టింపు. దానిని ఎప్పుడూ చల్లని పాలలోనో నీటిలోనో కలిపి, ఉడుకుతున్న వంటకంలో పోసి, ఒక నిమిషం ఉడకనిచ్చి దించాలి. ఎక్కువసేపు మరిగించినా, గరిటెతో అదేపనిగా చిలికినా అది తిరిగి పలుచబడుతుంది. ఇక్కడ చెప్పిన కార్న్‌ఫ్లోర్ తెల్లగా, మృదువుగా ఉండే పిండిపదార్థం మాత్రమే. ఎండు గింజలు విసిరిన పసుపు మొక్కజొన్న పిండిని ఆ కొలతలో వేస్తే గరగరలాడుతుంది.

గోధుమలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు పడనివారికి మైదా పనికిరాదు. మొక్కజొన్నలో గ్లూటెన్ ఉండదు కాబట్టి వారు కార్న్‌ఫ్లోర్ వాడుకోవచ్చు, అయితే ఆ ప్యాకెట్ మీద గ్లూటెన్ లేదన్న హామీ ఉండాలి.

పాలు విరిగినట్టు పలుకులు పలుకులుగా ఎందుకవుతుంది?

పాలలోని మాంసకృత్తులు ఎక్కువ వేడికో, పులుపుకో ముద్దకట్టడమే విరగడం. కొవ్వు తక్కువగా ఉన్న పాలు ఈ విషయంలో బలహీనమైనవి. 35 శాతం, అంతకు మించి కొవ్వు ఉన్న క్రీమ్ మరిగినా సాధారణంగా విరగదు. 25 శాతం లోపు కొవ్వు ఉన్న క్రీమ్‌ను మాత్రం చివరిలో చేర్చి, మరగకముందే దించాలి. క్రీమ్ ఫ్రిజ్‌లో నుంచి తీసి చల్లగా పోయకుండా, గిన్నెలోని వేడి ద్రవం రెండు గరిటెలు అందులో కలిపి, ఆ తరువాత పోస్తే సురక్షితం. పెరుగు, పుల్లని క్రీమ్ లాంటివి వాడదలచుకుంటే పొయ్యి ఆపేశాకనే కలపాలి. నిమ్మరసం కూడా అంతే, వడ్డించే ముందు కొన్ని చుక్కలు చాలు.

పాల మీద తేరిన మీగడతో చేయాలనుకుంటే దానిని ముందుగా రెండు చెంచాల పాలతో మెత్తగా చిలకాలి. చిలకకపోతే తెల్లని పొరల్లా తేలుతుంది.

కొద్దిగా విరిగిన వంటకాన్ని కాపాడుకోవచ్చు. దించి, మూడో వంతు తీసి మిక్సీలో నునుపుగా రుబ్బి తిరిగి కలిపితే పలుకులు కనుమరుగవుతాయి. వేడి పదార్థాన్ని రుబ్బేటప్పుడు మిక్సీ జార్‌ను సగానికి మించి నింపకూడదు. మూతను బిగించేస్తే లోపలి ఆవిరి దానిని ఎగదన్నుతుంది కాబట్టి మూత మధ్యనుండే చిన్న బిరడా తీసి, మడిచిన గుడ్డ అడ్డం పెట్టి రుబ్బాలి.

ఎంత ఉడికించినా నీళ్లగానే ఉంది. కారణం ఏమై ఉంటుంది?

ముందు గింజల తడిని అనుమానించాలి. గడ్డకట్టించిన గింజల నీరు ఆవిరి కాకముందే పాలు పోసి ఉండవచ్చు. ఇరుకైన, లోతైన గిన్నె వాడితే ఆవిరి త్వరగా పోదు. గుజ్జు పోశాక వంటకం మళ్లీ ఉడుకు పట్టకముందే దించినా పిండిపదార్థం ఉబ్బదు. కార్న్‌ఫ్లోర్ వేసి పది నిమిషాలు మరిగించి ఉంటే, పైన చెప్పినట్టు అది తన పట్టు కోల్పోయి ఉంటుంది.

ఇంకొక కారణం చాలామందికి తట్టదు. రుచి చూసిన చెంచానే మళ్లీ గిన్నెలో పెట్టడం శుచి మాట అటుంచి, లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్‌ను వంటకంలో కలపడమే. పిండిపదార్థాన్ని విడగొట్టడం ఆ ఎంజైమ్ పని. చల్లారిన వంటకంలో అది కొద్దిగా చేరినా, చిక్కగా ఉన్నది కొన్ని గంటల్లో పలుచబడుతుంది. మర్నాటికి మిగిల్చినది నీరు తేలితే ఆ చెంచాను ఒకసారి గుర్తు చేసుకోవాలి.

నీళ్లగా ఉన్నదాన్ని సరిచేయడానికి కార్న్‌ఫ్లోర్ కన్నా ముందు ఒక కప్పు వంటకాన్ని తీసి రుబ్బి కలిపి చూడండి. చాలాసార్లు అదే సరిపోతుంది.

బాగా గట్టిపడిపోయింది, ఏం చేయాలి?

వేడి పాలు రెండేసి చెంచాలు పోస్తూ సన్నని సెగ మీద కలపాలి. నీళ్లు పోస్తే రుచి పలచబడుతుంది.

చీజ్ వేయవచ్చా?

వేయవచ్చు కానీ కొలత తప్పితే మొక్కజొన్న రుచి దాని కింద అణగిపోతుంది. ఆరు కంకులకు 50 గ్రాములు మించకూడదన్నది మా అభిప్రాయం. పొయ్యి ఆపి, తురిమిన చీజ్‌ను గుప్పెడు గుప్పెడుగా కలపాలి. మరుగుతున్న వంటకంలో వేస్తే కొవ్వు విడిపోయి నూనె తేలుతుంది, మాంసకృత్తులు తీగలుగా సాగుతాయి. తురిమి ప్యాక్ చేసిన చీజ్‌లో తురుము అంటుకోకుండా ఉండటానికి కలిపే పొడి వల్ల నునుపు తగ్గుతుంది, కాబట్టి ముక్క కొని అప్పటికప్పుడు తురుముకోవడం మేలు. క్రీమ్ చీజ్‌ను గది వేడికి తెచ్చి, చిన్న ముక్కలుగా చేసి, సన్నని సెగ మీద కరిగించాలి. చీజ్ వేసే రోజున మొదట్లో వేసే ఉప్పు సగానికి తగ్గించాలి.

పాల పదార్థాలు లేకుండా చేయడం సాధ్యమా?

గింజల పాల నుంచే చిక్కదనం రాబట్టాలన్న పద్ధతి ఇక్కడ బాగా అక్కరకు వస్తుంది. వెన్నకు బదులు వాసన లేని నూనె, పాలు, క్రీమ్‌లకు బదులు జీడిపప్పు పాలు వాడుకోవచ్చు. పావు కప్పు జీడిపప్పును వేడి నీటిలో అరగంట నానబెట్టి, ముప్పావు కప్పు నీటితో గుడ్డలో వడకట్టనవసరం లేనంత మెత్తగా రుబ్బాలి. జీడిపప్పులోనూ పిండిపదార్థం ఉంటుంది కనుక అది వేడికి చిక్కబడుతుంది, అందుచేత గుజ్జు తరువాత, అన్నిటికన్నా చివర చేర్చాలి. చిక్కని కొబ్బరి పాలూ పనికొస్తాయి, కాకపోతే వాటి రుచి స్పష్టంగా తెలుస్తుంది. కేవలం లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర పడనివారైతే లాక్టోజ్ తీసిన పాలు, క్రీమ్‌తో ఏ మార్పూ లేకుండా చేసుకోవచ్చు.

ఏ సుగంధ ద్రవ్యాలు బాగుంటాయి? చక్కెర వేయాలా?

మిరియాలు ఎప్పుడూ సరిపోతాయి. చిటికెడు జాజికాయ పొడి పాల రుచిని పైకి తెస్తుంది, చిటికెడు దాటితే మందులా ఉంటుంది. పొగ వాసన ఉన్న మిరప పొడి, థైమ్ ఆకులు, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, ఉల్లికాడలు కూడా నప్పుతాయి. వీటిలో ఒకటో రెండో చాలు, అన్నీ కలిపితే గింజ ఊసే ఉండదు.

లేత కంకులకు చక్కెర అవసరం లేదు. గింజ ముదిరిందనో, నిల్వ ఉందనో అనిపిస్తే ఒక టీ చెంచా వేయవచ్చు. తీపి తక్కువైందని అనిపించినప్పుడు మొదట ఉప్పు చూసుకోవాలి, ఉప్పు సరిపడితే ఉన్న తీపే బాగా తెలుస్తుంది.

ప్రెషర్ కుక్కర్‌లో, స్లో కుక్కర్‌లో, ఓవెన్‌లో చేయవచ్చా?

ప్రెషర్ కుక్కర్‌లో పాలు పోసి మూత పెడితే అడుగంటడం, పొంగి వాల్వులోకి చేరడం రెండూ జరుగుతాయి. అందులో గింజలను కొద్ది నీటితో ఉడికించుకుని, మిగిలిన పని మూత తీసి చేయాలి. స్లో కుక్కర్‌లో గింజలు, వెన్న, పాలు వేసి తక్కువ వేడి మీద రెండు మూడు గంటలు ఉంచి, క్రీమ్‌ను చివరి అరగంటలో చేర్చాలి. అందులో ఆవిరి బయటికి పోదు కాబట్టి పాలు మూడో వంతు తగ్గించాలి. ఓవెన్ అయితే పొయ్యి మీద తయారైన వంటకాన్నే బేకింగ్ గిన్నెలో పోసి, పైన చీజ్ తురుము, వెన్నలో కలిపిన బ్రెడ్ పొడి చల్లి, 180 డిగ్రీల సెల్సియస్ వద్ద పైభాగం బంగారు రంగు వచ్చే దాకా, సుమారు పాతిక నిమిషాలు కాల్చాలి. ఓవెన్‌లో అది ఇంకా బిగుసుకుంటుంది గనుక కొంచెం జారుగా ఉన్నప్పుడే లోపల పెట్టాలి.

రెట్టింపు పరిమాణంలో చేస్తే కొలతలన్నీ రెట్టింపేనా?

పాలు తప్ప. గిన్నె పెద్దదైనా, లోతు పెరిగిన కొద్దీ ఆవిరయ్యే పాళ్లు తగ్గుతాయి. పాలు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి పెంచుకోవాలి.

దీనిలో పోషకాలు ఎలా ఉంటాయి? చిన్నపిల్లలకు పెట్టవచ్చా?

100 గ్రాముల పచ్చి తీపి మొక్కజొన్న గింజల్లో సుమారు 86 కిలో కేలరీలు, 19 గ్రాముల కార్బోహైడ్రేట్లు, 3 గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు, 2.7 గ్రాముల పీచు ఉంటాయి. అంతే బరువున్న చిక్కని క్రీమ్‌లో కేలరీలు దీనికి దాదాపు నాలుగు రెట్లు. వంటకం బరువుగా అనిపిస్తే తగ్గించవలసినది గింజలను కాదు, క్రీమ్‌ను. గుజ్జు బాగా రాబట్టుకుంటే అర కప్పు క్రీమ్‌ను పావు కప్పుకు తగ్గించినా తేడా పెద్దగా తెలియదు. అలాగని కొవ్వును పూర్తిగా తీసేయడమూ సరికాదు. పసుపు గింజలకు రంగునిచ్చే ల్యూటీన్, జియాజాంథిన్ కొవ్వులో కరిగే పదార్థాలు, కొద్దిపాటి వెన్న ఉంటేనే ఒంటికి బాగా పడతాయి. మధుమేహం ఉన్నవారు దీనిని కూరగాయగా కాక, కార్బోహైడ్రేట్లు ఉన్న ఆహారంగా లెక్క వేసుకోవాలి.

పసిపిల్లలకు విడి గింజలు గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది. వారికి పెట్టేటప్పుడు ఉప్పు, కారం లేకుండా పూర్తిగా రుబ్బి, గింజల తొక్కలు మిగలకుండా వడకట్టాలి.

ముందు రోజే చేసి పెట్టుకోవచ్చా? ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?

చేసుకోవచ్చు. వండిన రెండు గంటల లోపు, లోతు తక్కువ ఉన్న డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. 4 డిగ్రీల సెల్సియస్ వద్ద మూడు నాలుగు రోజులు ఉంటుంది. తీసినప్పుడు గట్టి ముద్దలా కనిపించడం సహజం. కావలసినంత మాత్రమే తీసుకుని, రెండు మూడు చెంచాల పాలు చేర్చి, సన్నని సెగ మీద కలుపుతూ లోపలి దాకా 74 డిగ్రీలకు, అంటే బాగా పొగలు వచ్చే వరకు వేడి చేయాలి. మైక్రోవేవ్‌లో అయితే నిమిషానికోసారి తీసి కలపకపోతే అంచులు మరిగి నడుమ చల్లగా ఉండిపోతుంది.

ఫ్రీజర్‌లో పెట్టవచ్చా? సీసాల్లో నిల్వ చేసుకోవచ్చా?

తయారైన వంటకాన్ని గడ్డకట్టిస్తే కరిగేటప్పుడు క్రీమ్ విడిపోతుంది. కార్న్‌ఫ్లోర్ వేసి ఉంటే అది పిండిన స్పాంజిలా నీటిని వదిలేస్తుంది. అందుకని కంకులు బాగా దొరికే రోజుల్లో వంట మొత్తం చేసి దాచడం కన్నా, గింజలు, గుజ్జు కలిపి పాలు చేర్చకుండా ఉడికించి, త్వరగా చల్లార్చి, ఒక్కో పూటకు సరిపడేలా పొట్లాలు చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. వండే రోజున దానిని వెన్నలో వేడి చేసి, పాలు, క్రీమ్ చేర్చితే చాలు.

సీసాల్లో మూత బిగించి బయట నిల్వ చేయడం మాత్రం చేయకూడదు. మొక్కజొన్నలో పులుపు చాలా తక్కువ, అలాంటి పదార్థాల్లో గాలి చొరని చోట బొట్యులిజం అనే ప్రాణాంతక ఆహార విషబాధను కలిగించే బాక్టీరియా పెరిగే ప్రమాదముంది. మామూలుగా మరిగే నీటిలో సీసాలను ఉడికించినంత మాత్రాన దాని బీజాలు చావవు. పాలు, వెన్న, మైదా కలిసిన వంటకానికైతే సీసాలను ఒత్తిడితో కూడిన ఆవిరిలో ఉడికించే ప్రెషర్ క్యానర్‌తో కూడా ఇంటి దగ్గర సురక్షితమైన పద్ధతి లేదు. నిల్వ చేయదలచుకున్నది ఫ్రీజర్‌లోకి వెళ్లాలి, మిగిలినది నాలుగు రోజుల్లో తినేయాలి.